రెండు పొడుగు, ఒక పొట్టి

బచ్చన్నపేట,
6 నవంబర్ 2024.

తమ్ముడు సాజిద్‌కు ఆపా సలాం.

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే "డ్యూటీల ఉన్న ఆపా, మళ్ల చేస్త" అని పెట్టేస్తావు. ఆ "మళ్ల" ఇంతవరకు రాలేదు. కాగితాన్నైతే మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని రాస్తున్నాను. మిషన్ మీద పెళ్లి వాళ్ల జాకెట్లు పదకొండు కుప్పపడి ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టి కూర్చున్నానని గుర్తుపెట్టుకుని చదువు.

అమ్మీ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు కూడా ఎప్పటిలాగే ఉంది. మన ఊరి నైట్‌హాల్ట్ బస్సుకు కొత్త డ్రైవర్ వచ్చాడు. చప్పుడు చేయకుండా వచ్చి బస్సు నిలబెడతాడని అతని మీద అమ్మీకి కోపం. అబ్బా నడిపిన రోజుల్లో మలుపు దగ్గర రెండు పొడుగు హారన్లు, ఒక పొట్టి హారన్ కొట్టేవారు. అది వినగానే అమ్మీ లేచి బియ్యం కడిగేది. అబ్బా పోయి నాలుగేళ్లయినా ఇంకా ఏ డ్రైవర్ హారనూ ఆమెకు నచ్చదు.

ఇక అసలు సంగతి. నా కొడుకు ఆసిఫ్ గోల్‌కీపర్‌గా ఆడే మన ఊరి ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్‌కు వచ్చింది. నమ్మవు కదా? నేనూ నమ్మలేదు. జట్టులో అందరికంటే పెద్దవాడికి పంతొమ్మిదేళ్లు. కోచ్ ఎవరనుకున్నావు? నీతోపాటు ఆడిన మన యుగేందర్. బట్టతల వచ్చింది, ప్రైవేటు బడిలో పీఈటీ చేస్తున్నాడు. వెనక డిఫెన్స్‌లో నిలబడే పిల్లవాడు పత్తి ట్రాక్టర్ మీద నుంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంకో పెద్ద జట్టుతో ఆడితే మా వాళ్లు బెదిరిపోతారని యుగేందర్ పరేషాన్ అవుతున్నాడు. నిన్న దుకాణానికి వచ్చి, "అక్కా, టోర్నీల వయసు లెక్క లేదు. సాజిద్ ఒక్కడు ఎనక నిలవడితే చాలు. పిల్లగాండ్లకు ధైర్యమొస్తది. నేనడిగితే రాడు, నువ్వు రాయి" అన్నాడు.

సెమీఫైనల్ డిసెంబర్ 8, ఫైనల్ 15. రెండూ ఆదివారాలే. రెండూ మహబూబాబాద్‌లోనే. ఆ ఊరి పేరు చదవగానే నీ ముఖం ఎలా అవుతుందో ఇక్కడి నుంచే కనిపిస్తోంది. పదకొండేళ్లయింది సాజిద్. రా.

జాకెట్ల కుప్ప వెనక నుంచి,
నీ ఆపా జబీన్.


ఘనపూర్, భూపాలపల్లి జిల్లా,
12 నవంబర్ 2024.

ఆపాకు ఆదాబ్.

నీ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మన్ నన్ను వింతగా చూశాడు. కరెంటు బిల్లు తప్ప మా ఇంటికి కాగితాలు రావు.

ఆసిఫ్ సెమీస్‌కు వచ్చాడంటే సంతోషంగా ఉంది. కానీ ఆపా, నన్ను ఈ మధ్య చూశావా? రంజాన్ పండక్కి చూశావు, అప్పటికి ఇప్పటికి ఇంకో నాలుగు కిలోలు పెరిగాను. బొగ్గు గనిలో రోజంతా డంపర్ సీటులో కూర్చునే పని. డంపర్ ఎక్కడానికి నిచ్చెన ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ ఎక్కలేను. ఎడమ మోకాలు చలికాలంలో మాట వినదు. ముప్పై తొమ్మిదేళ్లవాణ్ని పంతొమ్మిదేళ్ల పిల్లల మధ్య నిలబెడితే జనం ఆట చూడరు, నా పొట్ట చూస్తారు. పైగా సెలవు దొరకదు. నీ మరదలు షాహీన్ కూడా "ఈ వయసుల గిదేం పని" అంటోంది.

యుగేందర్‌కు సలాం చెప్పు. వాడికి నా మీద కోపం లేదా? ఆసిఫ్ కోసం చేతి గ్లౌజులు పంపిస్తాను, సైజు రాయి.

అమ్మీ మోకాళ్లకు నువ్వుల నూనె రాయించు.

మోకాలి విషయంలో అమ్మీకి తోడైన నీ తమ్ముడు,
సాజిద్.


బచ్చన్నపేట,
17 నవంబర్ 2024.

సాజిద్,

గ్లౌజులు ఎవడడిగాడు?

మోకాలు, పొట్ట, సెలవు, చివర్న పెళ్లాం. నాలుగు సాకులు రాశావు. ఒక్కటే నిజమైతే ఒక్కటే రాసేవాడివి. షాహీన్‌కు చెప్పు, మీ పెళ్లిలో ఈ ఆడబిడ్డ మూడు రాత్రులు కూర్చుని కుట్టిన షరారా ఇంకా పెట్టెలో ఉంటే, ఆ మర్యాదకైనా నిన్ను రెండు ఆదివారాలు వదలమని. మొగుణ్ని కొంగుకు కట్టుకుంటే కట్టుకుంది, బంతిని ఎందుకు కట్టుకోవడం?

రాసేశాను. రాశాక కొంచెం సేపు మిషన్ తొక్కి మళ్లీ కూర్చున్నాను. షాహీన్ అలాంటిది కాదని నాకు తెలుసు. అసలు కారణం నేనేనేమో అని పదకొండేళ్లుగా నాకొక అనుమానం. ఆ రోజు ఫైనల్ ఓడిపోయి ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు అన్నం ముందు కూర్చుంటే నేను నోరు జారాను. "నీ వల్లనే ఓడిన్రు గదా" అన్నాను. నువ్వు కంచం ముందు నుంచి లేచావు. నెల తిరగకుండానే భూపాలపల్లిలో ఉద్యోగమని వెళ్లిపోయావు. పండక్కి వస్తావు, నమాజు చేసి, సేమియా తిని, గడియారం చూసుకుంటూ రెండు గంటల్లో బస్సెక్కుతావు. గ్రౌండ్ ముందు నుంచి వెళ్లకుండా చుట్టూ తిరిగి బస్టాండుకు పోతావు. నేను చూడలేదనుకున్నావా?

ఆ మాట నేను అనకూడనిది. తప్పు నాది. దాని కోసం ఆసిఫ్‌ను శిక్షించకు. వాడు నీ పాత ఫొటోను మిషన్ పైన గోడకు అంటించుకున్నాడు, దారం తీసుకోవాలంటే నాకు అడ్డం.

యుగేందర్ సంగతి కూడా విను. నువ్వడిగావని చెబితే ముఖం ఎటో పెట్టి ఇలా అన్నాడు. "కోపమా? తప్పు నాదే అక్కా. కీపర్‌ను నేను. ముంగటికి వస్తున్నప్పుడు కేకేయాలె, ఎయ్యలే. వాడు నేను గోల్‌లనే ఉన్ననుకొని ఎనకకు కొట్టిండు. గిది చెప్పుదామని చూస్తున్న, వాడు ఎదురుపడితేనా?"

చూశావా, ఒక్క సెల్ఫ్ గోల్‌కు ఎంతమంది దోషులో.

సిగ్గుతో,
జబీన్.


ఘనపూర్,
22 నవంబర్ 2024.

(ఆపా, సలాం. ముందు నేను రాస్తాను, తర్వాత ఆయన రాస్తారు. షరారా భద్రంగా ఉంది. ఈయన బూట్లు నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే అటక మీద నుంచి దింపి కడిగి ఎండలో పెట్టాను. వాటిని మళ్లీ అటకెక్కించింది ఎవరో మీ తమ్ముణ్నే అడుగు. షాహీన్.)

ఆపాకు ఆదాబ్.

పై నాలుగు ముక్కలు చదివావు కదా. షాహీన్ అడ్డుపడలేదు. నేనే అబద్ధం రాశాను. నువ్వు అన్నం దగ్గర ఏమన్నావో నాకు నిజంగా గుర్తే లేదు. నువ్వన్న మాటలకు అలిగితే నేను ఐదో తరగతిలోనే ఇల్లు వదిలి పోవాల్సింది.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. అమ్మీకి చదివి వినిపించకు.

ఆ రోజు అబ్బా మొదటిసారి నా ఆట చూడటానికి వచ్చారు. ఆయన డ్యూటీ వల్ల నా ఆట ఒక్కటీ చూడలేదు. పొద్దున "సెలవు పెట్టిన, పూర్తిగ చూసే పోత" అన్నారు. గోల్ పోస్టు వెనక మెట్ల మీద, ఖాకీ చొక్కాతోనే కూర్చున్నారు. ఆట మధ్యలో ఎన్నిసార్లు అటు చూశానో నాకే తెలుసు. ఒకటీ ఒకటీ సమానంగా ఉన్నాం. పది నిమిషాలు లేదు ఆట. నేను వెనక్కి కొట్టిన బంతి మన గోల్‌లోకే దొర్లింది. తల ఎత్తి మొదట చూసింది అబ్బా వైపే. ఆయన లేచి నిలబడ్డారు. నేను కళ్లు దించుకున్నాను. మళ్లీ చూసేసరికి ఆ మెట్టు ఖాళీగా ఉంది.

కొడుకు చేసిన పని చూడలేక తండ్రి లేచిపోయాడు, ఆపా. అంతటితో అయిపోలేదు. కాసేపటికి గోడ అవతల రోడ్డు మీద ఏదో బస్సు ఆపకుండా హారన్ కొట్టుకుంటూ పోయింది. గ్రౌండంతా నవ్వింది, ఆ గోలలో అది ఎలా మోగుతోందో కూడా నేను వినలేదు. బస్సులు కూడా ఎగతాళి చేస్తున్నాయి అనుకున్నాను.

అబ్బా ఇంటికి వచ్చాక ఏమీ అనలేదు. ఆ తర్వాత బతికిన ఏడేళ్లలోనూ ఆ ఆట గురించి ఒక్క మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఆ గ్రౌండ్‌లో మళ్లీ నిలబడితే నా కళ్లు ఆ మెట్టు మీదికే పోతాయి. అందుకే రాను.

ఆసిఫ్‌ను బాగా ఆడమను.

సాజిద్.


బచ్చన్నపేట,
29 నవంబర్ 2024.

నా పిచ్చి తమ్ముడా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి దుకాణం మూసేశాను. అబ్బా సంగతి అబ్బాతో పనిచేసినవాళ్లకే తెలుస్తుందని, ఆయన బస్సులో పదహారేళ్లు కండక్టర్‌గా చేసిన బిక్షపతి కాకా దగ్గరికి బయలుదేరాను. రిటైరయ్యాక పెద్దవంగరలో ఉంటున్నాడు. జనగామలో బస్సు మారి, ఊళ్లో ముగ్గుర్ని అడిగి ఇల్లు పట్టుకున్నాను. మిరప నారు దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "గనీ భాయ్ బిడ్డవు గదా" అని ముందు కంటనీరు పెట్టుకున్నాడు, తర్వాత చాయ్ పెట్టించాడు.

నువ్వు రాసింది చెప్పాను. ఆయన విన్నంతసేపు తల ఊపుతూనే ఉన్నాడు. తర్వాత అన్న మాటలు, దారిలో మరిచిపోతానని బస్సులోనే టికెట్ల వెనక రాసుకున్నాను. ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను.

"సెలవా? ఎవలిచ్చిన్రు సెలవు? ఆ దినం డ్యూటీ మాదే. మహబూబాబాద్ల నాలుగున్నరకు బస్సు ఎల్లాలె. నాలుగుంబావుకు పోయి, గనీ భాయ్ నడువు అన్న. ఇంకో రెండు నిమిషాలు అన్నడు. మళ్ల పోయిన, ఇంకో రెండు అన్నడు. బస్సుల జనం నన్ను తిడుతున్నరు, ఒకాయన టికెట్ మర్లియ్యమని కూసున్నడు. గోల్ వడ్డదా, లేసిండు. లేసి ఎటు పోతున్నడనుకున్నవు? సీదా గ్రౌండ్లకు దిగవోతున్నడు. కొడుకు దగ్గరికి. నేనే రెక్క వట్టి గుంజుకొచ్చిన బిడ్డా. అప్పటికే ఇరవై నిమిషాలు దాటింది. స్టీరింగ్ మీద కూసోని గోడ పొంటి పోంగ హారన్ మీదికెళ్లి చెయ్యి తీయలే. రెండు పొడుగు, ఒక పొట్టి. రెండు పొడుగు, ఒక పొట్టి. గోడ అయిపోయేదాకా. ఏంది గనీ భాయ్ అంటె, మావోనికి చెప్తున్న, ఇంటికి రా బేటా, అన్నం తిందాం అని, అన్నడు."

నువ్వు ఎగతాళి అనుకున్న హారన్ అదే సాజిద్.

మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. బిక్షపతి కాకా నవ్వాడు. "నేను గూడ అడిగిన. చెప్పుడేంది బిక్షపతీ, హారన్ కొట్టిన గదా, మావోనికి తెలువదా అన్నడు." చూడు ఆయన పని! హారన్ కొట్టి, చెప్పేశాను అనుకుని, ఏడేళ్లు నిశ్చింతగా బతికి పోయారు. నువ్వు భూపాలపల్లి పోతే ఉద్యోగం దొరికిందని బస్టాండంతా చెప్పుకున్నారు కూడా.

ఇంటికి వచ్చి అబ్బా రేకుపెట్టె తీశాను. లైసెన్సు, బ్యాడ్జి, కళ్లద్దాల కింద డిపో వాళ్లిచ్చిన మెమో దొరికింది. జిరాక్స్ తీసి ఇందులో పెడుతున్నాను. తేదీ చూడు. నువ్వాడిన రోజే. "బస్సు ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరినందుకు సంజాయిషీ ఇవ్వవలెను." ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయనకు వచ్చిన మెమో ఇదొక్కటే. కింద ఆయన రాసిన జవాబు కూడా ఉంది, ఒక్క లైను. "కొడుకు ఆట చూసినాను, తప్పు ఒప్పుకుంటున్నాను."

ఎంత ఏడ్చానో చెప్పను. ఏడ్చాక గుండె మీద నుంచి మిషన్ దించినంత తేలికయింది.

ఇక నీ ఇష్టం.

ఆపా.


ఘనపూర్,
3 డిసెంబర్ 2024.

ఆపా,

మెమో అందింది. లంచ్ టైములో డంపర్ నీడలో కూర్చుని చదివాను. పక్కవాళ్లు ఎవరైనా పోయారా అని అడిగారు. లేదు, మా నాన్న దొరికాడు అన్నాను. వాళ్లకు అర్థం కాలేదు.

బూట్లు మళ్లీ దిగాయి. సూపర్‌వైజర్‌ను అడిగితే రెండు ఆదివారాలూ ఇచ్చాడు, ముందే అడగాల్సింది. శనివారం ఇక్కడి నుంచి నేరుగా మహబూబాబాద్ వస్తానని యుగేందర్‌కు చెప్పు. కేక వేయని కీపర్‌తో నాకు తేల్చుకోవాల్సింది ఉందని కూడా చెప్పు.

పొట్టతో సహా వస్తున్న,
సాజిద్.


ఘనపూర్,
10 డిసెంబర్ 2024.

ఆపాకు ఆదాబ్, అమ్మీకి సలాం.

ఆసిఫ్ ఫోన్‌లో గెలిచామని అరిచి ఉంటాడు. వివరాలు వాడు చెప్పడు, నేను చెబుతాను. ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది, నవ్వితే పక్కటెముకలు నొస్తున్నాయి, అయినా రాస్తున్నాను.

శనివారం సాయంత్రం పిల్లల్ని చూడగానే భయం ఎక్కడుందో తెలిసింది. పరుగు ఉంది, కాలు ఉంది, నోరు లేదు. ఒకడితో ఒకడు మాట్లాడరు. తప్పు చేస్తే ఎవరు తిడతారో అని అందరూ తలలు వంచుకుని ఆడుతున్నారు. నా దగ్గర వాళ్లకు నేర్పడానికి కొత్త ఆటేమీ లేదు. మా గనిలో పద్ధతే నేర్పాను. డంపర్ ముందుకు పోవాలంటే రెండు హారన్లు, వెనక్కి రావాలంటే మూడు. కొట్టకుండా కదిలితే ఉద్యోగం పోతుంది. ఎందుకంటే అంత పెద్ద బండిలో కూర్చున్నవాడికి వెనక ఎవరున్నారో కనిపించదు. "రేపు కూడా గంతే. ఆసిఫ్, గోల్ వదిలి ముందుకొస్తున్నవా, రెండు చప్పట్లు. వెనక్కి పోతున్నవా, మూడు. ఎవడూ ఊకె కదలొద్దు" అన్నాను. గంటసేపు బంతి లేకుండా చప్పట్లే కొట్టించాను. పక్క జట్టువాళ్లు మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. యుగేందర్ మాత్రం పక్కకు తిరిగాడు. తర్వాత వచ్చి భుజం మీద చెయ్యి వేసి, రెండు చప్పట్లు కొట్టాడు. పదకొండేళ్లు ఆలస్యంగా కొట్టినవ్ రా అన్నాను. అంతే, మా తగువు తీరిపోయింది.

ఆదివారం ఆటలో ఇరవయ్యో నిమిషంలో ఏమైందో విను. నా పక్కన ఆడే గౌతమ్, పదిహేడేళ్లవాడు, కార్నర్ నుంచి వచ్చిన బంతిని బయటకు కొట్టబోయి మన గోల్‌లోకే కొట్టాడు. వాడు అక్కడే నేల మీద కూలబడి ముఖం చొక్కాలో దాచుకున్నాడు. పిల్లలందరూ నా వైపు చూశారు. నేను మెట్ల వైపు చూశాను ఆపా, అలవాటు. ఆ మెట్టు మీద ఎవరో పల్లీలు తింటున్నారు. ఏమీ కాలేదు నాకు.

పోయి గౌతమ్‌ను లేపాను. "గిదొక సెల్ఫ్ గోలా రా? నేను కొట్టింది చూడాలె నువ్వు. ఫైనల్ల, ఆట అయిపోయే పది నిమిషాల ముంగట, గీ గోల్‌లనే. బస్సులు గూడ హారన్ కొట్టినయి" అన్నాను. వాడు ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. ఆసిఫ్ అక్కడి నుంచి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఒకళ్లకొకళ్లు కేకలు వేసుకుంటూ పిల్లలు ఎట్లా ఆడారంటే, చివరి అరగంట నా దగ్గరికి బంతే రాలేదు. రెండు గోల్స్ వేసి గెలిచారు. నేను చేసిందల్లా మాట్లాడటమే.

ఫైనల్ అయ్యాక నేరుగా ఇటు రాను. పిల్లల వ్యాన్‌లో మన ఊరికి వస్తాను. సోమవారం కూడా సెలవు పెట్టాను. షాహీన్ ముందే బస్సులో వచ్చేస్తుంది. అమ్మీకి చెప్పకు.

నువ్వుల నూనె నాకే అవసరమైన,
సాజిద్.


బచ్చన్నపేట,
18 డిసెంబర్ 2024.

సాజిద్‌కు ఆపా దీవెనలు.

క్షేమంగా చేరారని షాహీన్ ఫోన్ చేసింది. నువ్వు మరిచిపోయిన మోకాలి పట్టీ నా దగ్గరుంది. కప్పు నా దుకాణంలో మిలమిలమంటోంది. ఆసిఫ్ దాన్ని నీ ఫొటో పక్కన పెట్టాడు, ఇప్పుడు దారమే కాదు, కత్తెర కూడా అందడం లేదు. జాకెట్లకు వచ్చినవాళ్లంతా ముందు కప్పును ముట్టుకుని తర్వాతే కొలతలిస్తున్నారు.

డెబ్బయ్యో నిమిషంలో నువ్వు నీ అంతట నువ్వే బయటికి వచ్చేసి, ఆ మెట్టు మీదే కూర్చున్నావని యుగేందర్ చెప్పాడు. మోకాలు ఆగలేదా అంటే, "మోకాలు బానే ఉండె అక్కా. పిల్లగాండ్లే ఆడని, నేను కూసోని పూర్తిగ చూస్త అన్నడు" అని చెప్పాడు. ఒకటీ సున్నాతో గెలిచేదాకా కదల్లేదట కదా. మంచి పని చేశావు. నువ్వు లేకుండా గెలిచామన్న గర్వం పిల్లల్లో ఇంకా దిగలేదు, ఆసిఫ్ ఇంట్లో కూడా వెనక్కి నడిస్తే మూడు చప్పట్లు కొడుతున్నాడు.

కానీ ఈ ఉత్తరం దాని కోసం కాదు. ఆదివారం రాత్రి మీరు వచ్చినప్పుడు నువ్వు వాకిట్లో అందరి మధ్యా ఇరుక్కుపోయావు. లోపల జరిగింది నీకు తెలియదు. తర్వాత నీకు చెబుదామనుకుంటే అమ్మీ నీ పక్క నుంచి కదిలితేనా!

నువ్వు వద్దన్నట్టే అమ్మీకి ఏమీ చెప్పలేదు. షాహీన్ అనుకోకుండా వచ్చినట్టే కూర్చుంది. మా వంటలు, తినడాలు అయిపోయాయి. రాత్రి ఇషా నమాజు చేసి అమ్మీ మంచం మీద తస్బీ పూసలు తిప్పుకుంటోంది. అప్పుడు మలుపు దగ్గర వినిపించింది. రెండు పొడుగు, ఒక పొట్టి. వ్యాన్ డ్రైవర్‌తో నువ్వే కొట్టించావని నాకు తెలుసు.

నేను అమ్మీ వైపు చూశాను. ఏడుస్తుందేమో, అబ్బా అంటుందేమో అని భయపడ్డాను. అవేవీ కాదు. తస్బీ దిండు కింద పెట్టింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. వంటింట్లోకి పోయి గిన్నె దించి, బియ్యం కొలిచి, కుండ దగ్గర కూర్చుని కడగడం మొదలుపెట్టింది. వెనకే పోయి, "ఎవలస్తున్నరని అమ్మీ?" అన్నాను.

నా వైపు తిరగను కూడా లేదు. "హారన్ ఇనవడలేదా? సాజిద్ ఆకలి మీద ఉంటడు. పొయ్యి ముట్టియ్" అంది.

నీ ఆపా,
జబీన్.